రక్తం లోపల, మనుషులు గేటు బయట

ముందే చెబుతున్నాను, నన్ను అక్కడికి ఎవరూ పిలవలేదు. జగిత్యాల దాటి గొల్లపల్లి వైపు పోయే దారిలో సర్కారు సొమ్ముతో నడిచే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఒకటి ఉంది. బస్సులో పోయేవాళ్లకు పొడుగాటి ప్రహరీ గోడ, దాని మీదుగా చెట్ల కొనలు తప్ప ఏమీ కనిపించవు. నేను సిరిసిల్లలో జీవితమంతా జీవశాస్త్రం చెప్పిన టీచరును. కణం బొమ్మ, కేంద్రకం బొమ్మ, మెలితిరిగిన నిచ్చెనలాంటి డీఎన్ఏ బొమ్మ ఎంతమంది పిల్లల చేత గీయించానో నాకే తెలియదు. పాఠం చెప్పినదాన్నే గానీ, ఆ పాఠం పుట్టే చోటు ఎలా ఉంటుందో రిటైరయ్యేదాకా చూడలేదు. ఇప్పుడు చూసి వచ్చాను. లోపలికి వెళ్లాలంటే కాస్త మొండితనం కావాలి, అది మా ఇంటావంటా ఉన్నదే.

సిరిసిల్ల

మమత మా చెల్లెలి బిడ్డ. కోరుట్లలో ఇచ్చారు. భర్త శ్రీనివాస్ మస్కట్‌లో పనిచేస్తాడు. వాళ్ల పాప అక్షితకు ఐదేళ్లు. నడుస్తూ నడుస్తూ కూలబడుతుంది. మెట్టు ఎక్కాలంటే మోకాళ్ల మీద చేతులు ఆనించి, తనను తానే పైకి నెట్టుకుంటుంది. కిందటేడు కోరుట్ల దవాఖానాలో ఆ సంస్థవాళ్లు క్యాంపు పెట్టి, ఇలాంటి కండరాల జబ్బున్న పిల్లలవీ వాళ్ల తల్లిదండ్రులవీ రక్తాలు తీసుకుపోయారు. జబ్బు ఏ రకమో తేలితే డాక్టర్లకు దారి దొరుకుతుందన్నారు. మంచి పనే. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. పాప రక్తం తండ్రి రక్తంతో కలవలేదు, మీ కుటుంబాన్ని స్టడీ నుంచి తీసేశాం అని చెప్పి పెట్టేశారు.

అంతే. ఒక ఆడపిల్ల మీద అంత మాట వేసి, ఆ తర్వాత ఏమవుతుందో చూడకుండా ఫోన్ పెట్టేయడానికి ఎంత చదువు కావాలో నాకు అర్థం కాలేదు. మా చెల్లెలు ఫోన్‌లో ఏడ్చింది. "అక్కా, వాడకట్టంత ఒక్కటే ముచ్చటనట. అల్లుడు గూడ అనుమానంగ మాట్లాడుతున్నడట" అంది. దానికి బీపీ. నువ్వు ఇంట్లోనే ఉండు, నేను పోతున్న అన్నాను.

మా వీధిలో సాంచాల మోత, అంటే మరమగ్గాల మోత, తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ మోతలో పక్కింటి మాట పక్కింటికి వినిపించదు. అరిచి చెప్పినా సగమే చేరుతుంది. సిరిసిల్లలో ఎవరి గుట్టు వాళ్లకు భద్రంగా ఉండేది మా మంచితనం వల్ల కాదు, సాంచాల వల్ల. ఈ సంగతి నాకు కోరుట్ల వెళ్లాకే తెలిసింది.

వేములవాడ దాటాక

వేములవాడలో బస్సు మారాను. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకనిది సీటే. కోడెను కట్టి మొక్కు తీర్చుకుని వెళ్తున్న ఒక కుటుంబం సగం బస్సును ఆక్రమించింది. నా పక్కన లంగాల మూటతో ఒకామె కూర్చుంది. సిరిసిల్లలో కుట్టిన లంగాలు కోరుట్లలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. మా ఊళ్లో నూరు రూపాయలకు ఇచ్చేది అక్కడ నూటయాభై అంటుందట. "బస్సు కిరాయి లేదు గద, మరి యాభై ఎందుకు?" అన్నాను. "నా కాళ్లకు కిరాయి లేదా టీచరమ్మా?" అంది. నేను టీచర్నని ఆమెకెవరు చెప్పారో మరి.

ముందు సీట్లో తెల్లబట్టల మనిషి ఒకడు కాళ్ల మధ్య గుమ్మడికాయ పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికి తమ్మీ అని అడిగాను.

"కోరుట్లల మా అన్న ఇల్లు కట్టిండు. రేపు ఇంట్లకు పోవుడు. పీటల మీద నేను, నా భార్య కూసుంటం."

"మరి అన్న?"

"సౌదీల ఉన్నడు. లీవు దొరకలే. ఫోన్ల చూస్తడు." కాస్త గర్వంగానే చెప్పాడు. "మా అన్నయి అన్ని నేనే చేస్త. వాళ్ల పోరగాని పుట్టెంటికలు నా ఒళ్లెనే తీసిన్రు. కొనుగోలు సెంటర్ల వడ్లు పోసుడు, బడికి పోయి సంతకం పెట్టుడు, చావుకు పోవుడు, పెండ్లికి పోవుడు."

ఈ ప్రాంతంలో అది మామూలే. మా సిరిసిల్లలో ఎవడి సాంచ దగ్గర వాడే నిలబడాలి, తమ్ముడు నిలబడితే పోగు తెగుతుంది. ఇక్కడ ఇంటికొక మనిషి ఎడారిలో ఉంటాడు, ఇంకో మనిషి అతని బదులు అన్నిటికీ నిలబడతాడు. బాగుందే అనుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు కోరుట్ల దాకానే.

కోరుట్ల, బీడీల అరుగు

మమత అత్తగారు నర్సవ్వ. ఆమె భర్త కల్లు గీయడానికి తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కిన మనిషి, పోయి చాలాకాలమైంది. ఇద్దరు కొడుకులను బీడీలు చేసే సాకింది. పెద్దవాడు శ్రీనివాస్, చిన్నవాడు మహేశ్. మహేశ్ ఆటో నడుపుతాడు, ఇంకా పెళ్లి కాలేదు. నర్సవ్వ ఇంటి ముందు పొడుగాటి అరుగు ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా పొద్దున్నే పనులు తెముల్చుకుని చాటలు ఒళ్లో పెట్టుకుని అక్కడ చేరతారు. తడిబట్టలో తునికాకు, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. కొలత రేకు ఆకు మీద పెట్టి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. ఆ చేతులు ఆగవు.

ఇక్కడే చెప్పాల్సిన సంగతి ఉంది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోన్లన్నీ చాటల్లోనే ఉంటాయి. ఎవరిది మోగినా వేలి కణుపుతో నొక్కి స్పీకర్ పెడతారు. అటువైపు మనిషి ఒకరితో మాట్లాడుతున్నాననుకుంటాడు, అరుగంతా వింటుంది. మధ్యలో సలహా కూడా ఇస్తుంది. ఇది దొంగచాటుగా వినడం కాదు, పని పద్ధతి. సంస్థవాళ్ల ఫోన్ కూడా నర్సవ్వ చాటలోనే మోగింది, స్పీకర్‌లోనే మాట్లాడింది.

"కత్తెర్లన్ని ఒక్కసారే ఆగినయ్ పెద్దమ్మా" అంది మమత, నాకు నీళ్లిస్తూ. "గా సప్పుడు ఆగుడు నేను పుట్టినంక ఇనలే."

మధ్యాహ్నం మిగతావాళ్లు తిండికి ఇళ్లకు పోయాక, అరుగు మీదే జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎండుచేపల కూర. నర్సవ్వ నా కంచంలో రొట్టె మీద రొట్టె వేసింది గానీ నా మొహం చూడలేదు. మహేశ్ ఒక గ్లాసులో కల్లు పోసి నా ముందు పెట్టి, గడపవతల నిలబడ్డాడు. ఆ కల్లు మా నాన్న గీసిన దానికంటే పులుపు. మనుషులంతా తలలు వంచుకునే ఉన్నారు, పాప తప్ప. పాప నా చెప్పులు వేసుకుని అరుగు అంచు పట్టుకుని నడుస్తోంది. ఎదురింటి పోశవ్వ తన గుమ్మంలో చాట పెట్టుకుని ఇటే చూస్తోంది. నిప్పు లేనిది పొగ రాదని ఆ వాడకట్టులో మొదట అన్నది ఆమేనని మమత చెప్పింది.

చేయి కడుక్కున్నాక అడిగాను. "నర్సవ్వ వదినె, ఒక్కటి చెప్పు. క్యాంపు నాడు అల్లుడు మస్కట్‌ల ఉన్నడు గద. మరి తండ్రి రక్తం ఎవలిచ్చిన్రు?"

"మహేశిచ్చిండు" అంది నర్సవ్వ, ఇదేం ప్రశ్న అన్నట్టుగా.

నేను గ్లాసు కింద పెట్టాను. "మహేశా?"

"తల్లి, తండ్రి ఇద్దరు ఇయ్యాలె అన్నరు. పెద్దోడు లేడాయె. పెద్దోని ఆధార్ కార్డు పట్టుకొని చిన్నోడు పోయిండు. ఆధార్ల ఫోటో ఎవ్వనిది వాని లెక్క ఉంటది?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క కడుపుల పుట్టిన్రు వదినె. ఇద్దరిది ఒక్కటే రక్తం. మా ఇంటి రక్తమే ఇచ్చినం. ఇచ్చినా కలవలేదన్నరంటే మరి..." మిగతాది మింగేసింది.

చూశారా. వాళ్లు ఏదీ దాచలేదు. అబద్ధమాడామని కూడా వాళ్లకు తెలియదు. అన్న బదులు తమ్ముడు పీటల మీద కూర్చున్నట్టే, అన్న బదులు తమ్ముడు సూదికి చెయ్యి చాపాడు. మస్కట్‌లో శ్రీనివాస్‌కూ ఇదే లెక్క. తమ్ముడి రక్తం కలవలేదంటే నాది కూడా కలవనట్టే కదా అని పెళ్లాన్ని నిలదీశాడు. నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటికి వచ్చింది.

"అన్నదమ్ములది ఒక్కటే రక్తమని ఏ బడిల చెప్పిన్రు? నేనైతే చెప్పలే" అన్నాను. తడిబట్టలోంచి రెండు తునికాకు కట్టలు తీసి అరుగు మీద పెట్టాను. "ఇది నీది, అది నీ పెనిమిటిది. కండ్లు మూసుకొని ఈ కట్టల సగం, ఆ కట్టల సగం తియ్యి. అది పెద్దోడు. ఆకులు మళ్ల అండ్లనే వేసి, మళ్ల సగం సగం తియ్యి. అది చిన్నోడు. రెండుసార్లు అవే ఆకులు చేతికొస్తయా? కొన్ని అవే వస్తయి, కొన్ని వేరేయి వస్తయి. పాపకు సగం వచ్చింది పెద్దోని ఆకులల్లకెల్లి. మీరు చూపించింది చిన్నోని ఆకులు. ఎట్ల కలుస్తది?"

నర్సవ్వ ఆకులను వేళ్లతో అటూ ఇటూ జరిపింది. "అయితే నా కొడుకులిద్దరు ఒక్కటి గాదా?" అంది. ఒక్కతీరుగా సాకిన తల్లికి ఈ మాట ఎంత గుచ్చుకుంటుందో ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయలేదు. ఆమే తేరుకుంది. "నువ్వు మమతకు పెద్దమ్మవు వదినె. నువ్వు గట్లనే అంటవు. అరుగు మీద ఎవలు నమ్ముతరు?"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ మమత అరుగు మీదికి వచ్చింది. ఏడ్చిన మొహం కాదు అది.

"ఆయన మొన్న ఫోన్ల 'నిజం చెప్పు' అన్నడు పెద్దమ్మా. నేను పెట్టేసిన. గప్పటికెల్లి ఎత్తలే. నిజం చెప్పాల్సింది నేను గాదు. ఎవలు అన్నరో గాల్లే చెప్పాలె. రేపు పోదాం. అత్తమ్మా, నువ్వు గూడ రావాలె. నీ చెవులతోని ఇను."

జగిత్యాల దారి

పొద్దున్నే మహేశ్ ఆటోలో బయల్దేరాం. నేను, మమత, నర్సవ్వ, పాప. నర్సవ్వ చాట, ఆకుల మూట కూడా ఎక్కించింది. మరుసటి రోజు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి, తగ్గితే గుమాస్తా ఊరుకోడట. ఇంత గొడవలో బీడీలేంటని నేను అంటే, గొడవలు గుమాస్తాకు చెప్పుకుంటే వింటాడా అని ఎదురడిగింది.

దారి పొడుగునా పసుపు ఉడికే వాసన. ఉడికిన కొమ్ములను రోడ్డు పక్కన ఆరబోశారు. ఆటో పక్కనుంచి పోతుంటే పాప చెయ్యి బయటపెట్టి ఆ రంగును పట్టుకోబోయింది. మహేశ్ అద్దంలో ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వదిన ముందు తల ఎత్తలేకపోతున్నాడు.

జగిత్యాలలో చాయ్ తాగాం. కప్పు పది రూపాయలు, చక్కెర మాత్రం ఇరవై రూపాయల పనిచేసింది. అక్కడ మహేశ్ నోరు విప్పాడు. "అత్తా, నేనిచ్చినందుకే గదా గిదంత?"

"నీ తప్పు కాదు బిడ్డా. అడగాల్సినోడు అడగలే" అన్నాను. నాకు నిజంగా అదే అనిపించింది. రక్తం తీసుకున్నవాడు 'నువ్వు పాపకేమవుతావు' అని ఒక్క మాట అడిగితే, 'చిన్నాయన్ని' అని దాపరికం లేకుండా చెప్పేవాడు.

గేటు

గేటు పక్కన స్టీలుతో చేసిన పెద్ద డీఎన్ఏ మెట్లు మెలికలు తిరిగి ఆకాశంలోకి పోతున్నాయి. నేను నల్లబల్ల మీద గీసినదానికంటే అందంగా ఉన్నాయని ఒప్పుకోవాలి. నర్సవ్వ తలెత్తి చూసి, "గిదేం నిచ్చెన? ఎక్కనిచ్చేటట్టు లేదు, దిగనిచ్చేటట్టు లేదు" అంది. గేటు మనిషిని చూశాక ఆ మాట ఎంత నిజమో తెలిసింది.

అపాయింట్‌మెంట్ ఉందా అన్నాడు. లేదన్నాను. ఎవరిని కలవాలన్నాడు. మా పాప రక్తం తీసుకున్నవాళ్లను అన్నాను. లోపలికి ఫోన్ చేసి, కాసేపు విని, "ఈమెయిల్ పంపుమంటున్నరు అమ్మా. రిజల్టుల గురించి ఎవ్వలతోని మాట్లాడరట. రూలట" అన్నాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేను అడగడానికే వచ్చాను. "తమ్మీ, మా రక్తం లోపల ఉన్నది. మూడు సీసాలు. దానికి అపాయింట్‌మెంట్ అడిగిన్రా? అది లోపలికి పోంగ లేని గేటు మాకెందుకు?" అన్నాను. "ఈ గోడ కట్టింది సర్కారు పైసలతోని. నా జీతంల కోసిన టాక్సు ఏ ఇటుకల ఉన్నదో నాకు తెల్వదు గని, ఉన్నది."

అతను చెడ్డవాడు కాదు. మాది రాయికల్ అమ్మా, నా నౌకరి పోతది అన్నాడు. అతని నౌకరీ పోకూడదు కాబట్టి మేం గేటు దాటలేదు. గేటు పక్కన గోడ నీడలో కూర్చున్నాం. సాయంత్రం దాకా కూర్చుంటాం, రేపు కూడా వస్తాం అని చెప్పాం.

కాసేపటికి నర్సవ్వ చాట దించింది. ఖాళీగా కూర్చోవడం ఆమెకు రాదు. మమత కత్తెర అందుకుంది. ఇద్దరూ చకచకా బీడీలు చేయడం మొదలుపెట్టారు. వాళ్ల తల మీద, గోడకు, పెద్ద అక్షరాల బోర్డు: 'ధూమపాన రహిత ప్రాంగణం. బీడీలు, సిగరెట్లు నిషేధం.' దారిన పోయే బైకులు ఆగడం మొదలైంది. ఒకతను ఫోటో తీశాడు. గేటు మనిషి పరుగున వచ్చాడు.

"అవ్వా, ఇక్కడ బీడీలు నిషేధం. బోర్డు చూడలేదా?"

నర్సవ్వ దారం పళ్లతో తెంపి బోర్డు వైపు చూసింది. ఆమెకు చదువు రాదు, నేను చదివి వినిపించాను. మొత్తం విని, "తాగద్దని రాసిన్రు. చుట్టద్దని రాయలే గద" అంది.

అతను నవ్వాపుకోలేకపోయాడు. "మా ఇంటామె గూడ బీడీలే చేస్తది" అన్నాడు. మంచినీళ్ల సీసా తెచ్చి పాపకిచ్చి, మళ్లీ ఫోన్ ఎత్తాడు. ఈసారి ఆఫీసుకు కాదు, నేరుగా సైంటిస్టుకు. "మేడం, గేటు ముంగట బీడీలు చేస్తున్నరు. జనం ఫోటోలు తీస్తున్నరు. మీరొక్కసారి రావాలె" అన్నాడు. బీడీ చుట్టిన చేతులకు అంత బలముందని నాకు అప్పుడే తెలిసింది.

లోపల

గేటు దగ్గరికి వచ్చిన సైంటిస్టు నలభై ఏళ్ల మనిషి, మాట గుంటూరు వైపుది. ముందు చాటను చూసింది, తర్వాత లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనిస్తున్న పాపను చూసింది. చూసిన క్షణంలోనే ఆవిడ మొహం మారింది. "లోపలికి రండి" అంది, అంతే.

ప్రాంగణం చాలా బాగుంది, ఉన్నది చెప్పాలి కదా. గడ్డి మీద నీళ్లు తిరుగుతూ చల్లుతున్నాయి. నెమళ్లు మాలాగే పర్మిషన్ లేకుండా తిరుగుతున్నాయి. ప్రతి చెట్టుకూ ఒక పలక, దాని మీద లాటిన్ పేరు. తాటిచెట్టు దగ్గర నర్సవ్వ ఆగి, ఏం రాశారని అడిగింది. చదివాను. "మరి తాడు అని ఏడ రాసిన్రు?" అంది. ఎక్కడా రాయలేదు. ఆమె భర్త బతుకంతా ఎక్కిన చెట్టు అక్కడ వేరే పేరుతో నిలబడి ఉంది.

క్యాంటీన్‌లో పాపకు ఇడ్లీ పెట్టించారు. ప్లేటు పదిహేను రూపాయలు, కోరుట్లలో దానికి రెండింతలు. సర్కారు చవకగా పెట్టేది లోపలున్నవాళ్లకే అని మనసులో రాసుకున్నాను. చట్నీ మాత్రం నీళ్లనీళ్లగా ఉంది.

ఆవిడ గదిలో కూర్చుని విషయం చెప్పాను. అన్న బదులు తమ్ముడు ఇచ్చాడన్న మాట దగ్గర ఆవిడ నా వైపు అలాగే చూసి, కంప్యూటర్ వైపు తిరిగింది. మేం ఐదుగురం ఆ తెర వెనకభాగాన్ని చూస్తూ కూర్చున్నాం. మమత పాపను ఒళ్లోకి లాక్కుంది. చాలాసేపు వెతికి, ఆవిడ కళ్లద్దాలు తీసింది.

"తండ్రికీ బిడ్డకూ సగం కలవాలండి. ఇక్కడ పావు వంతు కలిసింది. చిన్నాన్న అయితే ఎంత కలవాలో సరిగ్గా అంతే. ఈ పాప ఈయన అన్నగారి బిడ్డే. అందులో అనుమానమేమీ లేదు."

మహేశ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నర్సవ్వ "మళ్ల చెప్పు బిడ్డా" అంది. ఆవిడ మళ్లీ చెప్పింది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. "ఇది అప్పుడే కనబడ్డది గద మీకు?" అన్నాను.

"మా లెక్క తండ్రి అవునా కాదా అనే చూస్తుందండి. కాదంటే కుటుంబాన్ని పక్కన పెట్టేస్తాం. ఇంకెవరై ఉంటారని ఎవరూ చూడలేదు. అసలు ఆ మాట ఇంటికి చెప్పనేకూడదు. ఫోన్ చేసిన కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు."

ఏ ఆఫీసులోనైనా తప్పు చేసినవాడు ఎప్పుడూ ఉద్యోగం మానేసినవాడే. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. "తప్పు మాదే. క్షమించండమ్మా" అని మమతతో అంది. పాపను మళ్లీ స్టడీలో చేరుస్తానని, తండ్రి సెలవుకు వచ్చినప్పుడు అతన్నే, స్వయంగా అతన్నే తీసుకురమ్మని చెప్పింది. కావాలంటే కాగితం రాసి ఇస్తానంది.

మమత లేచి, నా బిడ్డ రక్తం చూపించండి అంది. అద్దాల తలుపు బయటినుంచి చూపించారు. నిలువెత్తు ఫ్రీజర్లు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఆవిడ వేలితో చూపింది. మమత అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత ఇటు తిరిగింది.

"కాయితం వద్దు మేడం. మా అరుగు మీద కాయితం చదివేటోళ్లు లేరు. ఫోన్ల చెప్పిన్రు. ఫోన్లనే చెప్పుండ్రి. అదే నంబరుకు. రేపు పొద్దుగాల పది గొట్టంగ చెయ్యిండ్రి, అప్పుడు అందరు కూసోని ఉంటరు."

ఆవిడ ఇబ్బందిగా నా వైపు చూసింది. "అలా నలుగురిలో చెప్పకూడదమ్మా. మీ వివరాలు రహస్యంగా ఉంచాలని రూలు."

"నా ఇజ్జత్ తీసినప్పుడు రూలు లేదు. ఇచ్చేటప్పుడే ఉన్నదా?" అంది మమత. గొంతు పెంచలేదు. "నా ముచ్చట నాది. నేనే చెప్పుమంటున్న."

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "చేస్తాను" అంది.

తిరిగి వెళ్తుంటే గేటు మనిషి మాకు ఎదురుగా వచ్చి గేటు బార్లా తెరిచాడు. నర్సవ్వ అతని చేతిలో ఏదో పెట్టింది. చూస్తే ఒక బీడీ కట్ట. అతను గబుక్కున జేబులో వేసుకున్నాడు.

మళ్లీ కోరుట్ల

మర్నాడు అరుగు నిండింది. మహేశ్ రాత్రే అందరికీ చెప్పి వచ్చాడు. ఎదురింటి పోశవ్వను నర్సవ్వ స్వయంగా వెళ్లి పిలిచి, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. మమత తన ఫోన్‌లో మస్కట్‌కు వీడియో కాల్ కలిపి, ఆ గొడవ తర్వాత మొదటిసారి తానే చేస్తూ, "ఏం మాట్లాడకు, ఇను" అని ఒక్క మాట చెప్పి ఆ ఫోన్‌ను గోడకు ఆనించింది. తెర మీద శ్రీనివాస్ పసుపురంగు హెల్మెట్‌తో, ఎండలో కళ్లు చిట్లించుకుని కనిపించాడు. నర్సవ్వ ఫోన్ చాటలో, తంబాకు మధ్యలో ఉంది. కత్తెరలు ఆడుతున్నాయి.

చెప్పిన వేళకే ఫోన్ మోగింది. నర్సవ్వ వేలి కణుపుతో నొక్కింది. కత్తెరలన్నీ ఆగాయి. మమత చెప్పిన నిశ్శబ్దం ఇదేనని నాకు అర్థమైంది. ఇంత పెద్ద వాడకట్టులో పాప చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఆవిడ తన పేరు చెప్పింది, సంస్థ పేరు చెప్పింది. అప్పుడు చేసిన ఫోన్ తప్పు అంది. రక్తం ఇచ్చింది తండ్రి కాదు, చిన్నాయన అని, చిన్నాయనకు ఎంత కలవాలో అంతే కలిసిందని, అక్షిత శ్రీనివాస్ బిడ్డేనని, మమత గారికి తమ సంస్థ క్షమాపణ చెబుతోందని ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

నర్సవ్వ కళ్లు తుడుచుకుంది, తంబాకు చేతులతో తుడుచుకుంది కాబట్టి మంట పుట్టి ఇంకా నీళ్లు కారాయి. మమత చాట మీదికి వంగింది.

"మేడం, ఇంకొక్కసారి చెప్పుండ్రి. మా పోశవ్వకు చెవుడు, ఇనవడలేదట."

పోశవ్వకు చెవుడు లేదు. మూడిళ్ల అవతల ఆకు రాలినా వింటుందని ఆ వాడకట్టులో అందరికీ తెలుసు. ఫోన్‌లో ఆవిడ మొదటినుంచి మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకాస్త గట్టిగా.

గోడకు ఆనించిన ఫోన్‌లోంచి శ్రీనివాస్ గొంతు వచ్చింది. "మమతా..." అన్నాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మమతా, నేను..."

"ఆకు ఆరిపోతది" అంది మమత. "పని మీద ఉన్న. మాపటికి చేస్త, అప్పుడు చెప్పు."

ఫోన్ పెట్టేసి, రేకు ఆకు మీద పెట్టి కత్తెర ఆడించింది. అరుగు మీద మొదట మోగిన కత్తెర ఆమెదే. తర్వాత ఒకటొకటిగా మిగిలినవి అందుకున్నాయి.